మీ నాన్న కల్లోకొచ్చాడ్రా

మా తాతయ్య పోయాక కూడా ఇరవై ఏళ్ల పాటు ఇంటి వ్యవహారాల్లో చురుగ్గా పాల్గొన్నాడు. కాలవ గట్టు పక్కనున్న రెండెకరాలు అమ్మి లారీ కొందామని మామయ్య అనుకున్నప్పుడు వచ్చాడు. పిన్నికి హైదరాబాద్ సంబంధం ఖాయం చేయబోతుంటే వచ్చాడు. పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా వేద్దామన్నప్పుడైతే వరసగా మూడు రాత్రులు వచ్చాడు. పొద్దున్నే పెరట్లో పళ్లు తోముకుంటున్న మామయ్య దగ్గరికి అమ్మమ్మ మెల్లగా నడిచి వెళ్లి, "ఒరేయ్ పెద్దోడా, తెల్లారగట్ల మీ నాన్న కల్లోకొచ్చాడ్రా" అనేది. మామయ్య నోట్లో బ్రష్షు అలాగే ఆగిపోయేది.

బతికున్నన్నాళ్లూ తాతయ్య ఆవిడని ఏ విషయంలోనూ సలహా అడిగిన పాపాన పోలేదట. పోయాక మాత్రం ఆయన చెప్పే మాటల్లో అమ్మమ్మకి ఇష్టం లేనిది ఒక్కటీ ఉండేది కాదు. పిల్లలం మేం వెనకాల నవ్వుకునేవాళ్లం. పొలం మాత్రం అమ్ముడుపోలేదు.

నేను చరిత్రకారుణ్ణేం కాదు. ఆఫీసు నుంచి వచ్చి, భోజనం చేసి, పడుకునే ముందు పాత సామ్రాజ్యాల కథలు చదువుకునే మామూలు ఉద్యోగిని. మనం బైజాంటైన్ అంటున్న ఆ సామ్రాజ్యం (వాళ్లు మాత్రం చివరిదాకా తమని తాము రోమన్లమనే చెప్పుకున్నారు) చరిత్ర చదువుతుంటే అడుగడుగునా కలలు తగులుతాయి. యుద్ధానికి ముందు కల, హత్యకి ముందు కల, పట్టాభిషేకానికి ముందు కల. వీటిని చాలామంది "మధ్యయుగాల మూఢనమ్మకం" అని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. నాకది బద్ధకంతో అన్న మాటలా అనిపిస్తుంది. మా అమ్మమ్మని చూసినవాణ్ణి గనక, అక్కడ జరుగుతున్నది నమ్మకం వ్యవహారం మాత్రమే కాదని తెలుస్తుంది. రాజు దగ్గరికి వచ్చిన కల అంటే సంతకం లేని అర్జీ. రాసిందెవరో తెలుసు, కానీ అడగడానికి వీల్లేదు. లెక్క తప్పితే ఎవరి మెడా పట్టుకోలేం. నా గొడవంతా దాంతోనే.

ముందు అన్నిటికంటే పెద్ద కల సంగతి చెప్తాను.

జస్టీనియన్ 527లో గద్దె ఎక్కాడు. ఉత్తర ఆఫ్రికా అప్పటికి వందేళ్లుగా వాండల్స్ అనే జర్మానిక్ తెగ చేతిలో ఉంది. వాళ్ల రాజు హిల్డెరిక్ జస్టీనియన్‌కి స్నేహితుడు. 530లో అతన్ని గెలిమెర్ అనే బంధువు దించేసి తను రాజయ్యాడు. జస్టీనియన్‌కి యుద్ధానికి సాకు దొరికింది. కానీ ఆ మాట వినగానే సభలో అందరికీ చెమటలు పట్టాయి. కారణం 468 నాటి దెబ్బ. లియో చక్రవర్తి 1,30,000 పౌండ్ల బంగారం ఖర్చుపెట్టి వాండల్స్ మీదికి నౌకాదళం పంపితే, వాళ్లు నిప్పంటించిన పడవల్ని దాని మీదికి వదిలి తగలబెట్టారు. ఆ అప్పులూ ఆ ఏడుపులూ ఇంకా ఎవరూ మరిచిపోలేదు. పైగా పర్షియాతో యుద్ధం ముగిసి సైనికులు అప్పుడప్పుడే ఇళ్లకి చేరుతున్నారు. సేనాపతుల్లో ప్రతివాడికీ తన పేరు ఎక్కడ పిలుస్తారోనన్న భయమే.

ఇదంతా మనకి చెప్పేవాడు ప్రొకోపియస్. సేనాపతి బెలిసారియస్ వెంట తిరిగిన మనిషి, ఆ కాలానికి మనకున్న గొప్ప చరిత్రకారుడు. సభలో నోరు విప్పే ధైర్యం ఒక్కడికే ఉందంటాడు. అతను కప్పడోకియా జాన్, పన్నులు వసూలు చేసే పెద్ద మంత్రి. జనం అతన్ని ఎంత అసహ్యించుకున్నారంటే 532 జనవరిలో రాజధానిలో అల్లర్లు చెలరేగినప్పుడు ముందు అతన్ని తీసెయ్యమన్నారు. జస్టీనియన్ తీసేసి, గొడవ సద్దుమణిగాక మళ్లీ పెట్టుకున్నాడు. అలాంటివాడు లేచి రాజు ముందు లెక్కలు చెప్పాడు. భూమార్గాన వాండల్స్ రాజధాని కార్తేజ్‌కి 140 రోజుల ప్రయాణం. సముద్రం మీదైతే ఈ కొస నుంచి ఆ కొస దాకా దాటాలి. అక్కడేం జరిగిందో ఇక్కడికి కబురు రావడానికి ఏడాది పడుతుంది. గెలిచినా సిసిలీ, ఇటలీ పరాయి చేతుల్లో ఉండగా ఆఫ్రికాని నిలబెట్టుకోలేం. ఓడితే ఆపద మన గుమ్మంలోకి వస్తుంది. ఇదీ అతని వాదన. జస్టీనియన్ విన్నాడు, వెనక్కి తగ్గాడు కూడా.

ఒక రాజు లెక్కలు విని మనసు మార్చుకున్నాడంటే చరిత్రలో అదొక అరుదైన సాయంత్రం. అది ఎంతోసేపు నిలవలేదు.

తూర్పు నుంచి ఒక బిషప్ వచ్చాడు. రాజుతో మాట్లాడాలన్నాడు. దేవుడు తన కలలోకి వచ్చి, రాజు దగ్గరికి వెళ్లి మందలించమన్నాడట. ఆఫ్రికాలోని క్రైస్తవుల్ని దుర్మార్గుల చేతుల్లోంచి విడిపిస్తానని పూనుకున్నవాడు ఊరికే ఎందుకు భయపడుతున్నాడు? యుద్ధంలో నేనే తోడుంటాను, ఆ దేశానికి అతన్నే ప్రభువుని చేస్తాను. ఇదీ కబురు. అది విన్నాక రాజు ఇక తనని తాను ఆపుకోలేకపోయాడని ప్రొకోపియస్ రాశాడు.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే.

ఆ బిషప్ మోసగాడని నేను అనడం లేదు. నిజంగానే కల వచ్చి ఉండొచ్చు. వాండల్స్ తమ శాఖకి చెందని క్రైస్తవుల్ని హింసించిన సంగతి నిజం, ఆ కథలు వింటూ నిద్రపోయినవాడికి అలాంటి కల రావడంలో వింతేముంది? నన్ను వేధించే సంగతి వేరు. జాన్ చెప్పిన 140 రోజుల్ని ఎవరైనా కొలిచి 120 అని సరిదిద్దొచ్చు. ఏడాది కాదు, ఆరు నెలల్లో కబురొస్తుందని వాదించొచ్చు. లెక్క తప్పితే జాన్ ఉద్యోగం పోతుంది, తల కూడా పోవచ్చు. బిషప్ మాటకి ఎదురు చెప్పాలంటే మాత్రం దేవుడికే ఎదురు చెప్పాలి. యుద్ధం ఓడిపోతే ఆయన్ని ఎక్కడని వెతుకుతారు? ప్రొకోపియస్ ఆ బిషప్ పేరు కూడా రాయలేదు.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. కొన్ని దశాబ్దాల తర్వాత ఆఫ్రికాకే చెందిన విక్టర్ అనే బిషప్ ఇదే సంగతిని తన చరిత్రలో వేరేలా రాశాడు. వాండల్ రాజు చంపించిన లేతుస్ అనే అమరవీరుడు నేరుగా జస్టీనియన్‌కే దర్శనమిచ్చాడట, అందుకే సైన్యం వెళ్లిందట. చూశారా, ముందు ఎవరో పేరు లేని పెద్దమనిషికి వచ్చిన కల, తరం తిరిగేసరికి రాజుగారి దర్శనం అయిపోయింది. గెలిచిన యుద్ధం కలని ఎవరూ పరాయివాళ్ల దగ్గర ఉంచనివ్వరు.

అవును, గెలిచారు. నా వాదనకి చిక్కు ఇక్కడే వస్తుంది, దాచిపెట్టను. 533 వేసవిలో 500 రవాణా నౌకలు, 10,000 పదాతి సైన్యం, 5,000 ఆశ్వికదళం బయల్దేరాయి. ఆ సెప్టెంబర్ 15న బెలిసారియస్ కార్తేజ్‌లో అడుగుపెట్టాడు. మరుసటి ఏడాది గెలిమెర్‌ని రాజధాని కాన్‌స్టాంటినోపుల్ వీధుల్లో నడిపించారు. కల నిజమైంది, లెక్కల మనిషి తప్పాడు.

తప్పాడా? గెలుపు ఎలా వచ్చిందో చూడండి. సరిగ్గా ఆ సమయానికే సార్డీనియాలో తిరుగుబాటు లేచింది. దాన్ని అణచడానికి గెలిమెర్ తన తమ్ముడికి 120 నౌకలు, 5,000 మంది మంచి సైనికుల్ని ఇచ్చి పంపేశాడు. సిసిలీ పరాయి చేతుల్లో ఉందని జాన్ అన్నాడు కదా, ఆ సిసిలీలోనే ఆగి సరుకులు కొనుక్కోవడానికి ఇటలీని ఏలుతున్న గోత్ రాణి అమలసుంత అనుమతిచ్చింది. అంటే జాన్ వేలు పెట్టి చూపించిన చిక్కుముడిని విప్పింది ఆమె. బిషప్ కలలో సార్డీనియా లేదు, అమలసుంత లేదు, సిసిలీ బజారు లేదు. ఇక గెలిచాక? మూర్లనే స్థానిక తెగలతో పోరు, సొంత సైనికుల తిరుగుబాటు, మళ్లీ పోరు. 548 దాకా ఆఫ్రికాలో కత్తి ఒరలో పడలేదు. నిలబెట్టుకోవడం కష్టమని జాన్ అన్నది దీని గురించే.

జాన్‌ని మహాత్ముణ్ణి చేయడం కూడా నా ఉద్దేశం కాదు. ఆ దండయాత్రకి రొట్టెలు సరఫరా చేసింది అతనే. నౌకల్లో తీసుకెళ్లే రొట్టెని రెండుసార్లు కాల్చాలి, అప్పుడే నిలవుంటుంది. కట్టెల ఖర్చు మిగుల్చుకోవడానికీ, రొట్టెల బరువు తగ్గకుండా చూసుకోవడానికీ అతను రాజధానిలోని స్నానశాల పొయ్యి మీద పచ్చిపచ్చిగా కాల్పించాడు. దారిలో అవి బూజుపట్టి పిండిపిండి అయ్యాయి. అది తిని 500 మంది సైనికులు శత్రువుని చూడకుండానే చచ్చిపోయారు. లెక్కలు తెలిసినవాడి పాపం కూడా లెక్కల్లోనే ఉంటుంది. కానీ చూడండి, ఆ పాపాన్ని పేరు పెట్టి, అంకె వేసి మరీ అతని మీద రాయగలిగారు.

ఈ కథ చెప్పిన ప్రొకోపియస్‌కి కూడా కల వచ్చింది. ప్రయాణానికి ముందు తనకీ చాలా భయం వేసిందని ఒప్పుకుంటాడు. అప్పుడొక కల: తను బెలిసారియస్ ఇంట్లో ఉన్నాడట. ఎవరో కానుకలు తెచ్చారు. చూస్తే పూలు పూసి ఉన్న మట్టిని మట్టితో సహా భుజాల మీద మోసుకొచ్చారు. బెలిసారియస్ ఆ మట్టి మీద వాలి, పూలు తింటూ, మిగతావాళ్లనీ తినమన్నాడు. అందరికీ ఆ తిండి మహా తియ్యగా ఉందట. ఇక ధైర్యం వచ్చి ఓడెక్కాడు.

ఈ కల నాకు చాలా ఇష్టం. ఎవరికీ సలహా ఇవ్వలేదు, ఎవరినీ యుద్ధానికి పంపలేదు. భయపడ్డవాడు తనకి తాను చెప్పుకున్న ధైర్యం. కానీ ఇదే మనిషి రహస్యంగా రాసుకున్న ఇంకో పుస్తకంలో ఆ ఆఫ్రికా నేల ఎలా పాడుబడిందో, రోజుల తరబడి నడిచినా మనిషి కనబడడం ఎంత కష్టమో రాశాడు. పూలు తిన్నవాడే ఆ రెండో పుస్తకమూ రాశాడని గుర్తుంచుకుని చదవాలి.

ఆ రహస్య పుస్తకంలోనే, బిషప్‌కి జోడీ అనిపించే ఒక సన్యాసి ఉన్నాడు. అతను ఎడారి వైపు నుంచి వచ్చాడు, అన్యాయానికి గురైన ఇరుగుపొరుగు జనం తరఫున రాజుకి మొర పెట్టుకోవడానికి. లోపలికి రమ్మన్నారు. గుమ్మం మీద ఒక కాలు పెట్టాడు, అంతే, వెనక్కి తీసేసుకున్నాడు. ఎంతమంది బతిమాలినా నోరు విప్పకుండా బసకి వెళ్లిపోయాడు. తర్వాత తనవాళ్లతో అన్నాడట, సింహాసనం మీద దయ్యాల రాజు కూర్చుని ఉండగా చూశాను, ఆ ముందు ఎలా నిలబడతాను అని.

ఇద్దరూ దూరం నుంచి వచ్చినవాళ్లే. ఒకడు చూసింది రాజు మనసులోని కోరిక, అది సభలో వినబడి నౌకలు కదిలాయి. ఇంకొకడు చూసింది జనం మనసులోని భయం, అది జస్టీనియన్ బతికుండగా బయటపెట్టలేని పుస్తకంలో పడింది. మొదటిది కల, రెండోది మెలకువలో కనబడ్డది, అంతే తేడా అనేవాళ్లుంటే నేను ఒప్పుకోను.

రాజుకి నచ్చని కల వస్తే ఏమవుతుందో ఇంకా ముందే తేలిపోయింది. కాన్‌స్టాంటియస్ చక్రవర్తి (337–361) కాలంలో మెర్క్యూరియస్ అని పర్షియా దేశపువాడొకడు ఉండేవాడు. ఆ కాలం చరిత్ర రాసిన అమ్మియానస్ చెప్పిన సంగతి ఇది. జనం అతనికి "కలల దొర" అని పేరు పెట్టారు. పనేమిటంటే, విందుల్లోకీ స్నేహితుల మధ్యకీ చొరబడి ఎవరికి ఏ కల వచ్చిందో వినడం, దానికి విషం కలిపి రాజు చెవిలో పోయడం. ఎవడో మామూలుగా "రాత్రి ఇలా కలొచ్చింది" అంటే, అది రాజద్రోహం నేరమై కూర్చునేది. చివరికి కొత్తవాళ్ల ఎదుట నిద్రపోయామని చెప్పుకోవడానికి కూడా జనం జంకారట. కలలే రావని చెప్పుకునే అట్లాస్ పర్వతం దగ్గర పుట్టి ఉంటే ఎంత బాగుండేదని కొందరు పండితులు వాపోయారట. ఆ దశాబ్దంలోనే కాన్‌స్టాంటియస్ ఒక చట్టం తెచ్చాడు. రాజు కొలువులో ఉంటూ కలలకి అర్థం చెప్పే మిషతో జోస్యం చెప్పేవాళ్లని ఎంత పెద్ద హోదా ఉన్నా సరే చిత్రహింస పెట్టొచ్చని.

ఎందుకంత భయం? రాజు కలకి అర్థం చెప్పడమంటే రాజు తర్వాత ఎవరన్న ప్రశ్నకి జవాబు చెప్పడమే కాబట్టి.

మనకి ఈ సంగతి తెలియంది కాదు. సుందరకాండలో త్రిజటని గుర్తు చేసుకోండి. రావణుడు గుండు చేయించుకుని, ఒళ్లంతా నూనె పూసుకుని, ఎర్రబట్టలు కట్టుకుని, గాడిదల రథం మీద దక్షిణానికి పోతున్నట్టు కలగన్నానని చెప్పింది. లంకలో ఉంటూ, లంకేశ్వరుడి జీతం తింటూ ఆ మాట మామూలుగా అనగలదా? కల గనక అనగలిగింది. అది కూడా రావణుడితో అనలేదు, తోటి కాపలావాళ్లతో అంది. వాళ్లలో ఒక్క మెర్క్యూరియస్ ఉన్నా త్రిజట కథ అక్కడితో ముగిసేది.

కాన్‌స్టాంటియస్ పోయిన నలభై ఏళ్లకి సినేసియస్ అనే ఆయన కలల మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. సొంతూరి పన్నులు తగ్గించమని అడగడానికి కాన్‌స్టాంటినోపుల్ వచ్చి, ఆ పని మీద అక్కడే మూడేళ్లు పడిగాపులు కాసిన మనిషి. ఆ మూడేళ్లలో తన మీద జరిగిన కుట్రల గురించి కలలే హెచ్చరించాయని చెప్పుకున్నాడు. ఏ నిరంకుశుడూ మనల్ని కలలు కనొద్దని శాసించలేడు, అలా చేయాలంటే తన రాజ్యంలో నిద్రనే నిషేధించాలి అంటాడు. ఇంకో మంచి మాట కూడా అన్నాడు: బజార్లో దొరికే కలల పుస్తకాలు నమ్మొద్దు, ఎవరి కలలు వాళ్లు రాసిపెట్టుకుని ఎవరి అర్థాలు వాళ్లు తెలుసుకోవాలి, ఒకడి కల ఇంకొకడికి పనికిరాదు. ఈ సూత్రం జస్టీనియన్ సభలో ఎవరికైనా గుర్తొచ్చి ఉంటే బిషప్‌ని మర్యాదగా వెనక్కి పంపేవారు, నీ కల నీ యుద్ధానికి వాడుకో నాయనా అని.

సరే, నిజంగా రాజుకే కల వచ్చిందనుకుందాం. కాన్‌స్టాన్స్ అని ఇంకో చక్రవర్తి. 650ల మధ్యలో అరబ్బుల నౌకాదళం మీదికి స్వయంగా వెళ్లాడు. లిసియా తీరంలో యుద్ధం, తెల్లారితే. ఆ రాత్రి తను థెస్సలోనికె నగరంలో ఉన్నట్టు కలగన్నాడు. పక్కనున్నవాడికి చెప్తే అతను అన్నాడట: ప్రభూ, మీరు నిద్రపోకుండా ఉన్నా బాగుండేది, కల రాకుండా ఉన్నా బాగుండేది. థెస్సలోనికె అంటే "థెస్ అల్లో నికెన్", గెలుపు ఇంకొకరికి ఇచ్చెయ్ అని అర్థం.

శ్లేష మనవాళ్లకి కొత్తా! ఒక్క పద్యంలో రెండు కథలు నడిపిన భాష మనది. ఇలాంటి విరుపుకి "ఆహా" అనకుండా ఉండలేం. కాన్‌స్టాన్స్ ఓడిపోయాడు, తన రాజవస్త్రాలు ఇంకొకడికి తొడిగి తప్పించుకున్నాడు, కాబట్టి విరుపు నిజమైంది. అయితే ఒక్క నిమిషం ఆగి ఆ ఊరి పేరు అసలు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. అలెగ్జాండర్ సవతి చెల్లెలి పేరది. వాళ్ల నాన్న ఫిలిప్ థెస్సలీలో గెలిచిన గుర్తుగా ఆ పిల్లకి "థెస్సలీ విజయం" అని పేరు పెట్టాడు. అంటే ఆ కలలో విజయం పేరులోనే ఉంది! ఆ రాత్రి ఇంకో ముఖప్రీతి పండితుడు ఉంటే "ప్రభూ, విజయనగరంలో ఉన్నట్టే కలగన్నారు, రేపు మనదే" అనేవాడు. గెలిచి ఉంటే చరిత్రలో ఆ అర్థమే మిగిలేది. అలెగ్జాండర్‌కి సరిగ్గా అలాగే జరిగింది కదా. టైర్ నగరాన్ని ముట్టడించినప్పుడు కలలో సాటిరోస్ అనే అడవి దేవత కనబడితే, "సా టూరోస్", టైర్ నీదే అని విరిచి చెప్పారు. ఏడు నెలలకి నగరం పడింది, అర్థం నిలబడింది.

ఏ విరుపు నిలబడుతుందో మర్నాటి యుద్ధం చెప్తుంది. కాన్‌స్టాన్స్ కథని మనకి అందించిన థియోఫనీస్ అయితే ఆ యుద్ధం జరిగిన నూటయాభై ఏళ్లకి రాశాడు. అయినా ఆ పేరు తెలియని పండితుడంటే నాకు గౌరవం. కథ కల్పితమే కావచ్చు, కానీ ఆ కథలో అయినా ఒకడు రాజు మొహం మీద "వద్దు" అన్నాడు. అతను ఒక్కడే, తనకి ముప్పు తెచ్చే అర్థాన్ని ఎంచుకున్నవాడు.

శ్లేష అన్నాను కాబట్టి జాన్ కథ ముగింపు కూడా చెప్పేస్తాను. అంకెల మనిషి అన్నాను కదా, అతనూ జోస్యాలకి దాసుడే. అగస్టస్ వస్త్రం ధరిస్తావని ఎవరో చెప్తే చక్రవర్తిని అవుతానని నమ్మాడు. 541లో కుట్రలో చిక్కి పదవి పోయింది, బలవంతంగా పూజారిని చేశారు. ఒంటి మీద వేయడానికి పూజారి బట్టల్లేకపోతే పక్కనున్న ఒక పూజారివి తీసి తొడిగారు. ఆ పూజారి పేరు అగస్టస్.

కొన్ని కలలు సలహాలు కూడా కావు, దొంగ పట్టాలు. రైతు బిడ్డ బాసిల్ ఊళ్లోకి వచ్చి గుడి గుమ్మం దగ్గర బిచ్చగాడిలా పడి ఉంటే, లోపలి పెద్దకి కలలో దేవుడి మనిషి కనబడి "లేచి వెళ్లి చక్రవర్తిని లోపలికి పిలువు" అన్నాడట, ఒకసారి కాదు, మూడుసార్లు. వాళ్లమ్మకీ కలలు వచ్చాయి. ఈ బాసిల్ 867లో తనని పైకి తెచ్చిన మైఖేల్ చక్రవర్తిని చంపించి గద్దె ఎక్కాడు. ఈ కలలన్నీ ఎవరి కాలంలో రాయించారు? అతని మనవడు ఏడో కాన్‌స్టంటైన్ ఏలుతుండగా. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఆ మనవడు చాలా పద్ధతి గల మనిషి. చక్రవర్తి దండయాత్రకి వెళ్తే వెంట ఏయే పుస్తకాలు ఉండాలో జాబితా మనకి మిగిల్చాడు. యుద్ధతంత్రం, చరిత్ర, వాతావరణం, ఉరుములు, భూకంపాలు, వాటితో పాటు కలల పుస్తకం. ఆ శతాబ్దంలోనే గ్రీకులో పెద్ద కలల గ్రంథం ఒకటి తయారైంది, అహ్మెత్ పేరు మీద. నిజానికి అరబ్బుల స్వప్నశాస్త్రాన్ని క్రైస్తవులకి తగ్గట్టు మార్చి రాసింది. కానీ ముందుమాటలో ఆ సంగతి చెప్పకుండా, ముగ్గురు మహానుభావుల విద్య ఇది అంటుంది: ఈజిప్టు ఫరో ఆస్థానంలో ఒకడు, పర్షియా రాజు దగ్గర ఒకడు, భారతదేశపు రాజు దగ్గర సిర్బఖామ్ అనేవాడు.

మనవాడే! ఆత్రంగా చదివితే ఆ "భారతీయుడు" చెప్పే అర్థాల నిండా చనిపోయినవాళ్లు తిరిగి లేవడం, దేవదూతలు, క్రైస్తవ స్వర్గం. ఒక్క ముక్క మనది కాదు. మన ఊళ్లలో ఎక్కడివాడైనా "కేరళ జ్యోతిష్యం" అని బోర్డు పెట్టుకున్నట్టు, వెయ్యేళ్ల కింద కాన్‌స్టాంటినోపుల్‌లో మన పేరు బోర్డుకి పనికొచ్చింది. కోపం రాలేదు నాకు, కొంచెం గర్వంగానే ఉంది. ఆ పుస్తకంలో నాకు అసలు ముఖ్యమనిపించింది వేరు. ఒకే కలని రాజు కన్నప్పుడు ఒక అర్థం, సామాన్యుడు కన్నప్పుడు ఒక అర్థం, ఆడది కన్నప్పుడు ఇంకోటి. నిద్రలో కూడా హోదా పోదు. 1176లో దాన్ని లాటిన్‌లోకి మార్చిన లియో అనే ఆయన చక్రవర్తి మాన్యుయెల్ దగ్గర దుబాసీ. కలలకీ దొరలకీ మధ్య అర్థం చెప్పడం ఆయనకి కొత్త పని కాదన్నమాట.

ఇంతకీ కల విని బాగుపడ్డ రాజే లేడా అంటే, అలెక్సియోస్ చక్రవర్తి పేరు చెప్పాలి. 1083లో లారిస్సా దగ్గర నార్మన్ల చేతిలో వరస ఓటముల తర్వాత నలిగిపోయి ఉన్నాడు. కలలో సెయింట్ డిమిట్రియస్ గుడిలో ఉన్నట్టు, పటం లోంచి ఒక గొంతు "దిగులు పడకు, రేపు గెలుస్తావు" అన్నట్టు అనిపించింది. గెలిచాడు. కానీ తన రాజచిహ్నాలు వేరేవాళ్లకి ఇచ్చి శత్రువుని అటు పరిగెత్తించి, తను మాటు వేసి వెనక శిబిరం మీద పడ్డాడు. గొంతు ఆయనకి పథకం చెప్పలేదు, ఒక రాత్రి నిద్ర ఇచ్చింది. కలకి ఆ మాత్రం పని చాలు.

నాకు అన్నిటికంటే బరువుగా తోచే కల మాత్రం మౌరీస్ చక్రవర్తిది. అవార్లనే సంచార తెగ దొర ఖాన్ చేతిలో 12,000 మంది బందీలుంటే, తలకి ఇంతని ఇస్తే వదిలేస్తానన్నాడు. మౌరీస్ ఇవ్వలేదు. ఖాన్ అందరినీ చంపించాడు. ఆ మాట ఎవరూ రాజు ముందు ఎత్తలేకపోయారు. 602లో మౌరీస్‌కి కల వచ్చింది: రాజభవనం ద్వారం మీదున్న క్రీస్తు పటం ముందు నిలబడ్డాడు, చుట్టూ జనం. చేసినదానికి ఫలితం ఇక్కడే ఇమ్మంటావా, పై లోకంలోనా అని ప్రశ్న. ఇక్కడే అన్నాడు. అయితే ఇతన్నీ ఇతని కుటుంబాన్నీ ఫోకాస్ అనే సైనికుడికి అప్పగించండి అని ఆజ్ఞ.

ఈ కథ కూడా అంతా అయిపోయాక అల్లినదేనని తెలుసు. అయినా లేచాక అతను చేసిన పని చూడండి. అర్థం చెప్పేవాళ్లని పిలవలేదు. బావమరిది ఫిలిప్పికస్‌ని పిలిపించాడు. గద్దె లాక్కునేవాడి పేరు "ఫ"తో మొదలవుతుందని ఏదో జోస్యం ఉండడం వల్ల ఇన్నాళ్లూ ఆ పేరు మీద అనుమానపడ్డవాణ్ణే. ముందు క్షమాపణ అడిగాడు. తర్వాత, మన సైన్యంలో ఫోకాస్ అని ఎవరైనా ఉన్నారా, ఎలాంటివాడు అని అడిగాడు. కుర్రవాడు, దుడుకు, కానీ పిరికి అన్నాడు ఫిలిప్పికస్. పిరికివాడైతే హంతకుడు కూడా అవుతాడు అన్నాడు మౌరీస్. ఆ నవంబర్‌లో అతని అయిదుగురు కొడుకుల్ని కళ్లెదుట నరికి, తర్వాత అతన్ని నరికారు.

ఇన్ని కలల్లో, లేచాక ఒక మనిషి గురించి విచారించిన రాజు ఇతనొక్కడే కనిపిస్తాడు నాకు. అప్పటికే ఆలస్యమైపోయింది.

మా అమ్మమ్మ పోయి ఏడేళ్లయింది. సంవత్సరీకం మర్నాడు ఇంకా అందరం మామయ్య ఇంట్లోనే ఉన్నాం. కాలవ గట్టు పక్క పొలం దగ్గరికి రోడ్డు వచ్చింది, చుట్టుపక్కల అంతా ప్లాట్లు వేసేస్తున్నారు. పొద్దున్న కాఫీలు తాగుతుంటే మామయ్య గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"తెల్లారగట్ల అమ్మ కల్లోకొచ్చింది. ఇంకెన్నాళ్లుంచుతావురా ఆ పొలం, అమ్మెయ్ అంది."

అమ్మ కళ్లు ఒత్తుకుంది. అత్తయ్య తల వంచుకుంది. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. పిన్ని ఒక్కతే, కాఫీ ఊదుకుంటూ అడిగింది.

"ఎకరం ఎంతకి అమ్మమంది అన్నయ్యా?"